ఆరు చిన్న గ్లాసులు, వాటి వెనకున్న రైతులు

ఈసారి పోస్టు పెద్దది. పనులన్నీ అయ్యాక రాత్రి తీరిగ్గా చదవండి. ముందే ఒక మాట చెప్తున్నా. ఇది తాగమని చెప్పే పోస్టు కాదు, తాగొద్దని నీతులు చెప్పే పోస్టు కూడా కాదు. గింజ పండించినోళ్ల గురించిన పోస్టు.

హైదరాబాద్‌లో, బెంగళూరులో ఈమధ్య బీర్ టేస్టింగ్ అని సాయంత్రాలు పెడుతున్నారు. అక్కడికక్కడే చిన్న పీపాల్లో బీరు కాచే హోటళ్లు వచ్చాయి కదా, వాటిల్లో. ఒక చెక్క పలక తెచ్చి ముందు పెడతారు. దాని మీద టీ గ్లాసు కంటే కాస్త పెద్ద గ్లాసులు ఐదో ఆరో ఉంటాయి, ఒక్కోదాంట్లో ఒక్కో రకం. ఒకటి ఎండుగడ్డి రంగు, ఒకటి మబ్బుపట్టినట్టు తెల్లగా, ఒకటి తేనె రంగు, ఒకటి బొగ్గంత నలుపు. ఒక్కోటి గుక్కెడు తాగి, ఇది చేదు, ఇది పులుపు, ఇందులో నారింజ తొక్క వాసన ఉంది అని మాట్లాడుకుంటారు.

ఇదంతా పట్నం వేషాలని నవ్వకండి. మన ఊళ్లల్ల పెద్దోళ్లు చేసిందీ ఇదే. పోద్దాటి కల్లు వేరు, పరుపుదాటి కల్లు వేరు, పండుదాటి కల్లు వేరు. ఈతకల్లు రుచే వేరు. పొద్దున దించింది తియ్యగా ఉంటది, పొద్దెక్కితే పులుస్తది. ఏ చెట్టుది, ఏ పూటది అని ఒక్క గుక్కలో చెప్పేటోళ్లు మీ ఊర్లో కూడా ఉండే ఉంటారు. రుచి వెనకున్న చెట్టు వాళ్లకు తెలుసు.

పట్నంలో ఆ పలక ముందు కూచున్నోళ్లకు గ్లాసు వెనకున్న చేను తెలియదు. అదే ఈ పోస్టు. ఆ ఆరు గ్లాసుల్లో ఏ పంట ఉంది, ఏ గ్లాసులో రైతు పేరు నిలబడింది, ఏ గ్లాసులో కొట్టుకుపోయింది, ఎందుకు? ఇది తెలిస్తే మన జొన్నకు, మన మిర్చికి, మన కందికి కూడా పనికొస్తుంది.

ముందు బీరు ఎలా తయారవుతుందో రెండు ముక్కల్లో చెప్తా. మన ఇంట్లో రాగి మాల్ట్ చేస్తాం కదా. రాగులు నానబోసి, మొలక రాగానే ఆరబెట్టి, వేయించి, పిండి పడతాం. బార్లీని, అంటే యవలను, సరిగ్గా అలాగే చేస్తారు. మొలకెత్తిన గింజలో పిండి తీపిగా మారే గుణం వస్తుంది. ఆ మాల్ట్‌ను వేడి నీళ్లల్లో నానబెడితే తియ్యటి రసం దిగుతుంది. దాంట్లో హాప్స్ అనే తీగ పువ్వు వేసి మరగబెడతారు. చేదు, వాసన దానివల్లే. అది వేస్తే త్వరగా పాడవదు కూడా. చల్లారాక ఈస్ట్ కలుపుతారు. ఇడ్లీ పిండి పులిసినట్టు అది పులిసి, తీపి కాస్తా మత్తుగా, గ్యాసుగా మారుతుంది. అంతే. ధాన్యం, పువ్వు, ఈస్ట్, నీళ్లు. వేల రకాల బీర్లకు మూలం ఈ నాలుగే.

హాప్స్ తీగను మనం ఇక్కడ చూడం. తమలపాకు తోటలా ఎత్తు కర్రలు పాతి, తీగలు కట్టి పైకి పాకిస్తారు. 15, 18 అడుగులు పోతుంది. ఇది గంజాయి కుటుంబం మొక్కే, కానీ ఆ మత్తు దీంట్లో లేదు. ఆడ మొక్కల పువ్వే కావాలి. ఎండాకాలంలో పగలు చాలా పొడుగుండే చల్లటి దేశాల్లోనే బాగా వస్తుంది. మన దేశంలో హిమాచల్ ప్రదేశ్‌లోని లాహౌల్ లోయలో కొంత పండిస్తున్నారు.

ఇక గ్లాసులకు వద్దాం. హోటల్లో తేలిక నుంచి ఘాటుకు వరస పెడతారు. మనం కథకు వీలుగా పోదాం.

మొదటి గ్లాసు: ఎండుగడ్డి రంగు పిల్స్‌నర్

ఇవాళ ప్రపంచంలో ఎక్కువగా తాగే లేత పసుపు బీరు అంతా దీని సంతతే. మన వైన్ షాపుల్లో దొరికే బీరు కూడా. దీని పుట్టిల్లు ఇప్పటి చెక్ దేశంలో పిల్సెన్ అనే ఊరు.

1838లో ఆ ఊరి జనం, తమ ఊర్లో కాచిన బీరు తాగడానికి పనికిరాకుండా ఉందని 36 పీపాలు ఊరి నడిబొడ్డున పారబోశారు. తర్వాత కాచే హక్కులున్న పట్నంవాసులంతా కలిసి ఉమ్మడిగా ఒక బ్రూవరీ కట్టుకున్నారు. ఒకరకంగా సొసైటీ లాంటిదే. జోసెఫ్ గ్రోల్ అనే బవేరియా పనివాణ్ణి తెచ్చుకున్నారు. 1842 అక్టోబర్ 5న ఆయన మొదటి కాపు కాచాడు. పొగ తగలకుండా ఆరబెట్టిన లేత రంగు బార్లీ మాల్ట్, ఆ ఊరి మెత్తటి నీళ్లు, దగ్గర్లోనే ఉన్న జాటెట్స్ ప్రాంతపు హాప్స్. ఈ మూడూ కలిసి బంగారు రంగు బీరు వచ్చింది. అప్పటిదాకా ఎక్కువ బీర్లు ముదురు రంగే. గాజు గ్లాసులు కూడా చౌకయ్యే కాలం అది. రంగు కంటికి కనిపించింది, అమ్మకం పెరిగింది.

ఇక్కడ రెండు పేర్ల కథ చూడండి. ఒకటి, పిల్స్‌నర్ అనే పేరు. అంటే పిల్సెన్ ఊరిది అని అర్థం. జర్మనీ వాళ్లు, తర్వాత లోకమంతా అదే పేరు పెట్టుకుని అమ్ముకున్నారు. ఊరోళ్లు మేలుకునేసరికి ఆ పేరు అందరిదీ అయిపోయింది. చివరికి 1898లో 'పిల్స్‌నర్ ఉర్‌క్వెల్' అని, అంటే అసలైన మూలం అని, కొత్త పేరు రిజిస్టర్ చేసుకోవాల్సి వచ్చింది. తమ ఊరి పేరుకు తామే తోక తగిలించుకున్నట్టు.

రెండోది హాప్స్ పేరు. జాటెట్స్‌ను జర్మన్‌లో జాజ్ అంటారు. ఆ రైతులు ఊరి పేరును వదల్లేదు. పక్క ప్రాంతాల సరుకు కలిపి తమ పేరుతో అమ్మకుండా సంచులకు ముద్రలు, పత్రాలు పెట్టారు. 2007లో యూరప్‌లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2023లో యునెస్కో ఆ హాప్ తోటలను, ఆరబెట్టే పాత కొట్టాలను కలిపి ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. తోట, కొట్టం, గోదాము వారసత్వమా అని ఆశ్చర్యపోకండి. గుళ్లు, కోటలు మాత్రమే చరిత్ర అని మనకు ఎవరో నేర్పారు.

ఒకే గ్లాసు. కాచేవాళ్ల పేరు కొట్టుకుపోయింది, పండించేవాళ్ల పేరు నిలబడింది. తేడా ఎక్కడ? రైతులు ముద్ర వేసుకున్నారు.

రెండో గ్లాసు: మబ్బు రంగు గోధుమ బీరు

ఇది బవేరియాది, అంటే దక్షిణ జర్మనీ. చేదు తక్కువ, అరటిపండు, లవంగం వాసన వస్తుంది. పండు వేయరు, లవంగమూ వేయరు. ఆ వాసన ఈస్ట్‌ది.

1516లో బవేరియా ప్రభువులు ఇంగోల్‌స్టాట్ ఊర్లో ఒక కట్టడి తెచ్చారు. బీరులో బార్లీ, హాప్స్, నీళ్లు తప్ప ఇంకేమీ వాడొద్దని. ఇవాళ దీన్ని 'స్వచ్ఛత చట్టం' అని గొప్పగా లేబుళ్ల మీద రాసుకుంటారు. కానీ అదే చట్టంలో బీరు ధర కూడా కట్టేశారు. బార్లీ మాత్రమే అనడంలో, గోధుమ, రై గింజలు రొట్టెలకే మిగలాలి అన్న లెక్క ఉందని చరిత్రకారులు చెప్తారు. కరువు భయం ఉన్న కాలం మరి.

ఇక్కడే రాజుల తెలివి చూడండి. గోధుమ బీరు కాచుకునే హక్కు మాత్రం డెగెన్‌బర్గ్ అనే జమీందారీ కుటుంబానికి ప్రత్యేకంగా దక్కింది. 1602లో ఆ వంశం అంతరించగానే బవేరియా ప్రభువు మాక్సిమీలియన్ ఆ హక్కును తనే తీసుకున్నాడు. ఊరోడు గోధుమతో కాస్తే తప్పు, ప్రభువు కాస్తే ఖజానా. ఆ బీరు మీద రాజ్యానికి బోలెడు రాబడి వచ్చింది. రెండున్నర శతాబ్దాలు దాటాక, ఆ బీరుకు గిరాకీ పడిపోయిన రోజుల్లో, 1872లో గియోర్గ్ ష్నైడర్ అనే మామూలు కాపరి ఆ హక్కు సంపాదించాడు. కాపరి అంటే బీరు కాచేవాడు.

మన దగ్గర ఆబ్కారీ కథ గుర్తొస్తే తప్పులేదు. ఇప్పపువ్వు అడవిలో ఏరుకునేది గోండు, కోయ జనం. దాని మీద హక్కు, పన్ను, కేసు మాత్రం పైవాళ్లవి. ధాన్యం మీద కట్టడి ఎప్పుడు వచ్చినా, అది ఎవరి మేలు కోసమని చెప్తున్నారో, లాభం ఎవరికి పోతుందో రెండూ విడివిడిగా చూసుకోవాలి.

మూడో గ్లాసు: తేనె రంగు ఇంగ్లీషు ఏల్

దీని తమ్ముడి పేరులో మన దేశం ఉంటుంది. ఇండియా పేల్ ఏల్, పొట్టిగా ఐపీఏ. ఈస్టిండియా కంపెనీ ఓడల్లో లండన్ నుంచి కలకత్తా, మద్రాసు, బొంబాయికి బీరు వచ్చేది. లండన్‌లో బో అనే చోట హాడ్జ్‌సన్ కుటుంబం బ్రూవరీ ఈ వ్యాపారంలో పేరు పడింది. 1820లలో బర్టన్ ఊరి బ్రూవరీలు పోటీకి దిగి వాళ్లను మించిపోయాయి. నెలల తరబడి ప్రయాణం, మధ్యలో ఎండ. అందుకే హాప్స్ దండిగా వేసేవారు. ఇక్కడ దాన్ని తాగింది తెల్ల అధికారులు, వ్యాపారులు. సిపాయి బారకుల్లోకి ఎక్కువగా పోర్టర్ అనే నల్లటి బీరు పోయేది.

పేరులో ఇండియా ఉంది, కానీ గ్లాసులో ఇండియా గింజ ఒక్కటి లేదు. బార్లీ ఇంగ్లండ్‌ది, హాప్స్ ఇంగ్లండ్‌వి. మనం కొనేవాళ్లం కూడా కాదు, కేవలం దింపుకునే రేవు. సరుకు మీద ఊరి పేరు ఉన్నంత మాత్రాన ఆ ఊరి రైతుకు పైసా వస్తుందని అనుకోవద్దు.

అయితే ఈ గ్లాసులో నాకు బాగా నచ్చిన కథ వేరే ఉంది. ఇంగ్లండ్‌లో మారిస్ ఆటర్ అనే బార్లీ విత్తనం ఉంది. కేంబ్రిడ్జి మొక్కల పరిశోధన సంస్థలో డాక్టర్ బెల్ బృందం 1960ల మధ్యలో దీన్ని తయారు చేసింది. ప్రోక్టర్, పయనీర్ అనే రెండు రకాలను సంకరం చేసి తీశారు. మాల్ట్‌కు అద్భుతంగా పనికొచ్చేది, గింజలో నత్రజని తక్కువ. మనకు ఇది వింతగా ఉంటుంది. మాల్ట్ బార్లీకి యూరియా ఎక్కువ కొడితే గింజలో ప్రొటీన్ పెరిగి, మాల్ట్ కంపెనీ తిప్పి పంపేస్తుంది. అప్పుడు పశువుల దాణా రేటుకు అమ్ముకోవాలి. దిగుబడి కోసం కొట్టిన బస్తా యూరియానే రేటు పడగొడుతుంది.

కొత్త విత్తనాలు ఎకరానికి ఎక్కువ పండటం మొదలయ్యాక మారిస్ ఆటర్‌ను పక్కన పెట్టారు. విత్తనం కూడా కల్తీ అయింది. 1989లో సిఫార్సు జాబితా నుంచి తీసేశారు. మామూలుగా అయితే కథ అక్కడితో అయిపోవాలి. మన దగ్గర ఎన్ని వరి రకాలకు అలా అయిపోలేదు?

కానీ అక్కడ ఇంకోటి జరిగింది. 1971లో నలుగురు కుర్రాళ్లు, దేశమంతా బీరు ఒకే చప్పటి రుచికి వచ్చేసిందని విసిగిపోయి, అసలు ఏల్ కోసం ఒక ఉద్యమం మొదలుపెట్టారు. కామ్రా అంటారు దాన్ని. చిన్న బ్రూవరీలు పుట్టుకొచ్చాయి. వాళ్లకు ఆ పాత విత్తనం రుచి కావాలి. 1990ల మొదట్లో ఇద్దరు విత్తన వ్యాపారులు శుద్ధ విత్తనం మళ్లీ పెంచడం మొదలుపెట్టి, 2002లో హక్కులే కొనేశారు. ఇప్పుడు ఆ బార్లీ వేసిన రైతుకు మామూలు బార్లీ మీద అదనపు ధర వస్తుంది. పండేది తక్కువ, పలికేది ఎక్కువ.

తాగేవాడు రుచి అడిగాడు, కాచేవాడు విత్తనం పేరు అడిగాడు, అప్పుడే రైతుకు రేటు వచ్చింది. ఈ గొలుసులో ఒక్క కొండి తెగినా ఆ విత్తనం ఇవాళ ఉండేది కాదు.

నాలుగో గ్లాసు: బొగ్గు రంగు స్టౌట్

నల్లగా, కాఫీ డికాషన్ రుచితో ఉంటుంది. ఇది పోర్టర్ వంశం. 18వ శతాబ్దంలో లండన్ కూలీలు, మోతగాళ్లు తాగిన బీరు. మోతగాళ్లను పోర్టర్లు అంటారు కదా, పేరు అందుకే. అప్పట్లో కట్టెల మంట మీద ఆరబెట్టిన గోధుమ రంగు మాల్ట్‌తో చేసేవారు, అది చౌక కాబట్టి.

ఇక్కడ ఒక చిన్న పరికరం వచ్చి అంతా మార్చేసింది. హైడ్రోమీటర్. రసంలో ఎంత చక్కెర దిగిందో కొలిచే గాజు గొట్టం లాంటిది. 18వ శతాబ్దం చివర్లో బ్రూవరీలు దాన్ని వాడి చూస్తే తేలిందేమిటంటే, చౌక అనుకున్న గోధుమ రంగు మాల్ట్‌లో దిగే రసం చాలా తక్కువ. ఖరీదైన లేత మాల్టే లెక్కకు చౌక. వెంటనే కొనుగోలు మార్చేశారు. రంగు కోసం ఏం చేయాలి? 1817లో డేనియల్ వీలర్ కాఫీ గింజల్లా మాల్ట్‌ను వేయించే డ్రమ్ముకు పేటెంట్ తీశాడు. మాడిన మాల్ట్ కొంచెం వేస్తే చాలు, నలుపు వచ్చేస్తుంది.

మార్కెట్ యార్డులో తేమ మీటర్ పెట్టినప్పుడు మనకేమైందో గుర్తు చేసుకోండి. కొలత మంచిదే. కానీ కొలిచే పరికరం ఎవరి చేతిలో ఉంటే బేరం వాళ్లది.

స్టౌట్ అనగానే డబ్లిన్‌లోని గిన్నిస్. 1759లో ఆర్థర్ గిన్నిస్ ఆ స్థలాన్ని ఏడాదికి 45 పౌండ్ల చొప్పున 9000 ఏళ్లకు కౌలుకు రాయించుకున్నాడు. కౌలు రైతులారా, ఇది విని కుళ్లుకోవద్దు.

ఆ కంపెనీలో 1899లో విలియం గాసెట్ అనే కుర్రాడు చేరాడు. రసాయన శాస్త్రం, లెక్కలు చదివినవాడు. ఆయన పనిలో భాగం, ఏ బార్లీ రకం మంచిదో తేల్చడం. సమస్య మనందరికీ తెలిసిందే. నాలుగు మడుల్లో కొత్త విత్తనం, నాలుగు మడుల్లో పాతది వేశాం. కొత్తది రెండు బస్తాలు ఎక్కువ పండింది. అది విత్తనం గొప్పతనమా, ఆ మడి నేల గొప్పతనమా, వానదా? వందల మడులు వేసే స్తోమత లేదు. కొన్ని మడుల లెక్కతోనే నమ్మకంగా ఎలా చెప్పాలి? ఆయన దానికి ఒక లెక్క కట్టాడు. కంపెనీ తన ఉద్యోగుల్ని సొంత పేరుతో అచ్చువేయనిచ్చేది కాదు. అందుకని 1908లో 'స్టూడెంట్' అనే మారు పేరుతో అచ్చయింది. ఇవాళ స్టూడెంట్ టి-టెస్ట్ అంటే అగ్రికల్చర్ కాలేజీ పిల్లలందరికీ తెలుసు. కృషి విజ్ఞాన కేంద్రంలో కొత్త వంగడం మెరుగ్గా ఉంది అని చెప్పేముందు వేసే లెక్కల వంశానికి మూలపురుషుల్లో ఈయన ఒకడు.

విత్తనం డీలర్ ఒక్క చేను ఫొటో చూపించి 'చూశారా దిగుబడి' అంటే, ఎన్ని మడుల్లో, ఎన్ని నేలల్లో, ఎన్ని సీజన్లు అని అడగండి. ఆ ప్రశ్నకు వందేళ్లు దాటింది.

ఐదో గ్లాసు: పుల్లటి లాంబిక్

ఇది బెల్జియంలో బ్రస్సెల్స్ పక్క పల్లెలది. బార్లీ మాల్ట్‌తో పాటు మొలకెత్తించని గోధుమ కలుపుతారు. హాప్స్ కూడా ఏళ్లు నిల్వ ఉన్న పాతవి వేస్తారు, చేదు కోసం కాదు, పాడవకుండా ఉండటానికి. విచిత్రమేమంటే ఈస్ట్ కలపరు. మరిగిన రసాన్ని వెడల్పాటి లోతు తక్కువ తొట్టిలో పోసి, చలికాలం రాత్రి గాలికి ఆరబెడతారు. గాలిలో, ఆ కట్టడంలో, చెక్క పీపాల్లో ఉన్న సూక్ష్మజీవులే పని మొదలుపెడతాయి. తర్వాత ఒకటి నుంచి మూడేళ్లు పీపాల్లో ఉంటుంది.

మనకు ఇది కొత్త కాదు. కల్లుకుండలో ఎవరూ ఈస్ట్ పొట్లం విప్పి వేయరు. చెట్టు, గాలి, కుండ చూసుకుంటాయి.

మిగతా లోకం మాత్రం ఇంకో దారి పట్టింది. 1876లో లూయీ పాశ్చర్ బీరు మీద పుస్తకమే రాశాడు, పాడవడానికి కారణం సూక్ష్మజీవులని. 1883లో డెన్మార్క్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ ఒకే ఒక్క ఈస్ట్ కణం నుంచి శుద్ధమైన ఈస్ట్ పెంచాడు. దాంతో కాపు చెడిపోవడం ఆగింది. కోట్లు తెచ్చే రహస్యం అది. కార్ల్స్‌బర్గ్ వాళ్లు దాన్ని దాచుకోలేదు, మిగతా బ్రూవరీలతో పంచుకున్నారు. దాంతో లోకమంతా మంచి లేత బీరు కాయగలిగింది.

అయితే దీని ఇంకో వైపు కూడా చూడాలి. అందరి దగ్గరా అదే శుద్ధ ఈస్ట్, అదే రకం మాల్ట్, అదే కొలత అయ్యేసరికి ఊరికో రుచి పోయింది. పంచుకున్నది పెద్ద మనసే. కానీ ఒకే విత్తనం ఊరూరా పరిస్తే ఏమవుతుందో పత్తి రైతులకు వేరే చెప్పాలా?

ఆరో గ్లాసు: నారింజ తొక్క వాసన వచ్చే అమెరికా పేల్ ఏల్

ఇవాళ్టి టేస్టింగ్ పద్ధతికి ఊపిరి పోసింది ఈ గ్లాసే. అమెరికాలో 1873 నాటికి నాలుగు వేల పైచిలుకు బ్రూవరీలు ఉండేవి. 1920 నుంచి 1933 దాకా మద్యనిషేధం. తర్వాత కంపెనీలు కంపెనీలను మింగాయి. 1970ల చివరికి వందకన్నా తక్కువ మిగిలాయి. అన్నిట్లో ఒకే లేత బీరు, బార్లీతో పాటు మక్కలో, బియ్యమో కలిపినది.

1965లో ఫ్రిట్జ్ మేటాగ్ అనే ఆయన శాన్‌ఫ్రాన్సిస్కోలో మూతబడబోతున్న యాంకర్ బ్రూవరీని కొని నిలబెట్టాడు. 1978లో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ ఇంట్లో సొంతానికి బీరు కాచుకోవడం నేరం కాదనే చట్టం మీద సంతకం పెట్టాడు. ఆయన కూడా పల్లీ రైతే. ఇళ్లల్లో నేర్చుకున్నోళ్లే చిన్న బ్రూవరీలు పెట్టారు. 1980లో కాలిఫోర్నియాలో కెన్ గ్రాస్‌మన్ వాళ్లు మొదలుపెట్టిన సియెర్రా నెవాడా అలాంటిదే. 1982లో కొలరాడోలోని బౌల్డర్‌లో ఇరవై పైచిలుకు బ్రూవరీలు ఒకచోట చేరి రుచి చూపించాయి. అదే ఇప్పటి పెద్ద అమెరికన్ బీర్ పండుగకు మొదలు. ఇప్పుడు ఆ దేశంలో 9000 పైచిలుకు బ్రూవరీలు ఉన్నాయి.

ఈ కొత్త రుచికి మూలం కాస్కేడ్ అనే హాప్. అమెరికా వ్యవసాయ శాఖ ఓరెగాన్‌లో ఏళ్ల తరబడి పనిచేసి 1972లో విడుదల చేసిన రకం. ప్రభుత్వ వంగడం, ఎవరైనా వేసుకోవచ్చు, ఎవరికీ రాయల్టీ కట్టక్కర్లేదు. రైతులు వేశారు, చిన్న బ్రూవరీలు ఆ నారింజ వాసనతో లోకాన్ని గెలిచాయి. సర్కారు పరిశోధన ఎందుకు దండగ అనేవాళ్లకు ఈ గ్లాసు చూపించండి.

తర్వాత ఏమైంది? 2000ల చివర్లో సిట్రా అనే హాప్ వచ్చింది, ఇంకా ఘాటైన వాసన. కానీ అది ప్రైవేటు రకం. లైసెన్సు ఇచ్చిన రైతే వేయాలి, అనుమతి లేకుండా ఒక వేరు ముక్క నాటినా తప్పే. రేటు బాగానే ఉంది, కానీ తాళం చెవి వేరేవాళ్ల దగ్గర.

అంతకుముందు 2007, 2008లో హాప్స్ కొరత వచ్చి రేటు ఆకాశానికి పోతే, అందరూ తోటలు పెట్టారు. వెంటనే పడిపోయింది. మళ్లీ క్రాఫ్ట్ బీరు ఊపులో పెంచారు. ఆ ఊపు తగ్గేసరికి గోదాముల్లో నిల్వలు పేరుకుని 2023, 2024లో వేల ఎకరాలు పీకేశారు. ఆ యాంకర్ బ్రూవరీ కూడా 2023లో మూతబడింది. పోయినేడు మిర్చి రేటు చూసి ఈ ఏడు మిర్చి వేసినోళ్లకు ఈ పేరా రెండోసారి చదవక్కర్లేదు. పందిరి తోటకు పెట్టుబడి మిర్చి కంటే ఎక్కువ కూడా.

మరి మన గ్లాసు ఏది?

ఆ పలక మీద ఏడో గ్లాసు పెట్టొచ్చు, జొన్నది. నైజీరియా ప్రభుత్వం 1988లో బార్లీ మాల్ట్ దిగుమతి ఆపేసింది. అక్కడ బార్లీ పండదు. జొన్నతో బీరు సరిగ్గా రాదనుకున్న పెద్ద పెద్ద బ్రూవరీలే ఏళ్ల తేడాతో జొన్నకు, మక్కకు మారాయి. నిషేధం తర్వాత ఎత్తేసినా జొన్న పోలేదు. ఆఫ్రికా పల్లెల్లో ఆడవాళ్లు తరతరాలుగా జొన్నను మొలకెత్తించి కాస్తూనే ఉన్నారు. పెద్ద కంపెనీకి తెలియని విద్య పల్లెకు తెలుసు.

మన దగ్గర కూడా జొన్న, రాగి, కొర్ర, నూకలు ఏదో ఒక రూపంలో అటు పోతాయి, పోతున్నాయి కూడా. మన దేశంలో చాలా బీర్లలో బార్లీతో పాటు బియ్యమో మక్కనో కలుస్తుంది. కానీ ఏ సీసా మీదా 'ఫలానా ఊరి మక్క' అని ఉండదు. నూకగా పోయిన గింజకు పేరుండదు, పేరు లేనిదానికి బేరం ఉండదు. కొనేవాడు ఒక్కడే అయితే ఏమవుతుందో ఆర్మూరు వైపు ఎర్రజొన్న రైతులకు బాగా తెలుసు.

ఇంత చరిత్ర నుంచి మనం పట్టుకోవాల్సింది నాకు కనిపించినంతలో ఇది. పేరు ముందే రాయించుకోవాలి, పిల్సెన్‌లా ఆలస్యం చేయొద్దు. తాండూరు కందికి, గుంటూరు సన్నం మిర్చికి, బంగినపల్లి మామిడికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. మంచిదే. కానీ కాగితం వచ్చి ఊరుకుంటే సరిపోదు. జాటెట్స్ రైతుల్లా సంచి మీద ముద్ర పడాలి, పక్కది కలిపితే పట్టుకునే మనిషి ఉండాలి. ఇక మన దేశంలో 2001 చట్టం ప్రకారం రైతు తను కాపాడుకుంటున్న పాత రకాన్ని తన పేరున, లేదా ఊరి పేరున నమోదు చేయించుకోవచ్చు. ఇది చాలామందికి తెలియదు. మీ దగ్గర తాతలనాటి జొన్న, కంది, వరి ఏదైనా ఉంటే, కేవీకే శాస్త్రవేత్తలను కలిసి ఈ మాట అడగండి. శుద్ధంగా ఒక మూట విత్తనం విడిగా పెట్టుకోండి, మారిస్ ఆటర్ కథలో మలుపు తిప్పింది ఆ మూటే.

రుచి అడిగే మనిషి పట్నంలో తయారవుతున్నాడు. ఈ రోజు బీరులో అడుగుతున్నాడు, రేపు బియ్యంలో, పప్పులో, నూనెలో కూడా అడుగుతాడు. ఆ రోజు 'ఇది ఎవరి చేనుది' అనే ప్రశ్న వస్తే జవాబు మన దగ్గర ఉండాలి, దళారి దగ్గర కాదు.

మీ ఊర్లో పాత జొన్న రకం పేరు, అది ఎవరి దగ్గర ఉందో తెలిస్తే రాయండి. పేర్లు రాసుకోవడంతోనే మొదలుపెడదాం.